బొట్టు పెట్టని కత్తెర

ఆత్మకూరు మగ్గాల వీధిలో భిక్షపతి ఇల్లు ఎక్కడని ఎవరినీ అడగక్కరలేదు. వీధి మొగదల నిలబడి చెవి ఒగ్గితే చాలు, వాళ్ల సుత్తె గొంతు వినిపిస్తుంది.

భిక్షపతి పనిముట్లు మాట్లాడతాయి. ఈ సంగతి బయటపడ్డ కొత్తలో ఊరు కాస్త ఆశ్చర్యపోయింది. ఓ వారం జనం వచ్చి చూసిపోయారు. ఎవరో ఫోన్లో వీడియో కూడా తీశారు. ఆ తరువాత, మాట్లాడే నోళ్లు ఇంటింటికీ ఉన్నాయి, ఇవి కనీసం పని చేస్తూ మాట్లాడుతున్నాయి కదా అని సరిపెట్టుకున్నారు.

సుత్తెకు మెల్లగా మాట్లాడటం రాదు. మంచినీళ్లడిగినా పక్కింటి పసిపిల్ల ఉలిక్కిపడి లేస్తుంది. కటింగ్ ప్లేయరుకు పట్టింది వదలడం రాదు. నిరుడు ఎవరో అన్న మాటను ఇంకా పట్టుకునే ఉంది. ఆకురాయి మాట గరుకు, మనసు మెత్తన. ఆ రెండో సంగతి చెప్పింది కూడా ఆకురాయే. ఇక రసమట్టం. గాజు గొట్టంలో పచ్చటి నీళ్లు, అందులో ఒక చిన్న బుడగ. గోడైనా గడపైనా సమంగా ఉంటే బుడగ నడిమికొచ్చి నిలుస్తుంది, వంకరైతే పక్కకు జరుగుతుంది. ఏళ్ల తరబడి అదే పని చేసి చేసి, లోకంలో తాను తప్ప అందరూ ఎంతో కొంత వంకరేనని దానికి నమ్మకం కుదిరిపోయింది.

నల్లా కారినా, మంచం కిర్రుమన్నా, మగ్గం పలక ఊడినా భిక్షపతికే కబురు. మనుషులకే కాదు. కాలికి గాలిపటం దారం చుట్టుకున్న కాకి, ప్లాస్టిక్ డబ్బాలో మూతి ఇరికించుకున్న కుక్క, ఇనుప కంచెలో కొమ్ము తగిలించుకున్న మేక, అన్నీ పొద్దున ఏడింటికల్లా ప్రహరీ దగ్గరికి చేరేవి. అవి వరసగా నిలబడేవి. మనుషులే వరస తప్పేవారు.

పనిముట్లకు సెలవులు కూడా దండిగానే ఉన్నాయి. భిక్షపతి భార్య గ్లోరీ చర్చికి పోతుంది కాబట్టి ఆదివారం సెలవు. పనోళ్ల ఆనవాయితీ ప్రకారం అమావాస్య సెలవు. దసరా నాడైతే ఆయుధ పూజ. ఆ రోజు బొట్టు పెట్టించుకుని, బంతిపూలు వేయించుకుని, పీట మీద కూర్చుంటే సాయంత్రం జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకునే దాకా కదిలేది లేదు.

"రెండు మతాల సెలవులు తింటున్నరు, అమావాస్య ఊరికే వచ్చె. నా గంటెకు మాత్రం ఒక్క దినం సెలవు లేదు," అని గ్లోరీ దెప్పేది.

"నీ గంటె మాట్లాడదు గదమ్మా. అడిగితేనే ఇస్తరు," అనేది ప్లేయరు.

ఆ ఏడు శ్రావణంలో కోతులు మగ్గాల వీధి మీద పడ్డాయి. శారదమ్మ అనే పెద్దావిడ తెల్లవారుజామునే వీధి పొడవునా మగ్గానికెక్కించే పట్టు పడుగు సాగదీసి, తెగిన పోగులు అతుకుతూ కూర్చుంది. కోతుల మంద దాని మీదుగా పరుగెత్తింది. పదిహేను రోజుల పని అరనిమిషంలో చిక్కుముడి. శారదమ్మ వీధిలో నిలబడి కోతుల వంశాన్ని ఏడు తరాల దాకా తిట్టి, నేరుగా భిక్షపతి ఇంటికి వచ్చింది.

"ఏదన్న జేయి భిక్షపతీ. అవి మళ్ల గీ వీధిల అడుగువెట్టొద్దు."

భిక్షపతి ఆలోచించి ఒక ఉపాయం కట్టాడు. ఇంటింటికీ తిరిగి సొట్టపోయిన స్టీలు చెంబులు తెచ్చి, అడుగున బెజ్జం కొట్టి, తీగకు గుచ్చి, ఇళ్ల కప్పుల మీదుగా బోర్లా వేలాడదీశాడు. గాలి వీస్తే అవి ఒకదానికొకటి తగిలి గణగణమనాలి, కోతులు బెదరాలి. మూడు రోజులు బెదిరాయి. నాలుగో రోజు ఆ తీగ పట్టుకుని ఊయల ఊగడం నేర్చుకున్నాయి. గణగణకు నిద్ర పట్టనిది వీధి జనానికే. అయినా తీగ అలాగే ఉండిపోయింది. మనం కట్టించుకున్నది మనకే పనికిరాలేదని ముందుగా ఎవరు ఒప్పుకుంటారు?

దసరా వచ్చింది. భిక్షపతి పొద్దున్నే తలస్నానం చేసి, పీటకు పసుపు రాసి, పనిముట్లను కడిగి తుడిచి వరసగా కూర్చోబెట్టాడు. చివర్లో వంటింట్లోకి వెళ్లి మేకుకు వేలాడుతున్న రేకు కత్తెరను కూడా తెచ్చాడు. అది వాళ్ల బాపు కాలం నాటిది. బరువైన ఇనుప కత్తెర, మొద్దుబారింది. డబ్బారేకులు కోసే పని తగ్గిపోయాక గ్లోరీ దాన్ని వంటింట్లోకి మార్చింది. చేపల రెక్కలూ కోడికాళ్లూ కత్తిరించడానికి దాన్ని మించింది లేదు.

దాన్ని పీట మీద పెట్టబోతుంటే రసమట్టంలో బుడగ ఒక మూలకు పరుగెత్తింది.

"ఉస్తాద్, జర ఆగు. పూజల కూసునేటప్పుడు పక్కపొంటి ఎవరున్నరో సూస్కోవాలె గద."

"ఏమాయె?" అన్నాడు భిక్షపతి.

"నీసు వాసన," అంది ప్లేయరు. "నిరుడు గూడ వచ్చింది. నాకు యాదున్నది."

"నాకు వాసన ఎక్కువ తెల్వది గని, అందరు అంటున్నరంటే ఉన్నట్టే!" అని అరిచింది సుత్తె.

ఆకురాయి ఏమీ అనలేదు. వద్దనలేదు, రమ్మనలేదు.

పండుగపూట పొద్దున్నే లొల్లి ఎందుకని భిక్షపతి దాన్ని తీసుకెళ్లి మళ్లీ మేకుకు తగిలించాడు. పొయ్యి దగ్గర అల్లం దంచుతున్న గ్లోరీ తల ఎత్తి చూసింది.

"పంక్తిల జాగ దొరకలేదా?"

"పండుగ గద. ఎందుకులే అని."

"ఊఁ," అంది గ్లోరీ. ఆ 'ఊఁ'లో ఉన్నదంతా విప్పి చెబితే దసరా గడిచి దీపావళి వస్తుంది.

భిక్షపతి నాలుగింటికీ బొట్లు పెట్టి, బంతిపూలు వేసి, అగరుబత్తి వెలిగించి కొబ్బరికాయ కొట్టాడు. సరిగ్గా అప్పుడే ప్రహరీ మీద ఏదో గణగణమంది.

ఆడకోతి ఒకటి గోడ మీద కూర్చుని ఉంది. దాని పొట్టకు పిల్ల కరుచుకుని ఉంది. ఆ పిల్లకు తల లేదు. తల ఉండాల్సిన చోట స్టీలు చెంబు ఉంది. నిన్న సాయంత్రం తీగ తెగిన చప్పుడు వీధి అంతా విన్నది. పండుగ సందట్లో ఎవరూ వచ్చి చూడలేదు. పిల్లకోతి వేలాడే చెంబులోకి తల దూర్చినట్టుంది, తీగ తెగి చెంబుతో సహా కింద పడ్డట్టుంది. అడుగున భిక్షపతి కొట్టిన బెజ్జం ఉండబట్టి ఊపిరి ఆడుతోంది. పాలు మాత్రం రాత్రి నుంచీ లేవు. తల్లి దాన్ని మాటిమాటికీ రొమ్ముకు ఆనించుకుంటోంది, చెంబు అడ్డం వస్తోంది. పిల్ల చేతులు అప్పటికే సడలిపోతున్నాయి.

భిక్షపతి కొబ్బరిచిప్పలు పీట దగ్గర వదిలి గోడ దగ్గరికి వచ్చాడు. ఇన్నేళ్లలో జంతువులు ఎవరెవరో చేసిన పాపాలు మోసుకుని ఈ గోడ దగ్గరికి వచ్చాయి. తన చేతిపని తల మీద పెట్టుకుని రావడం ఇదే మొదలు.

గ్లోరీ తడి తువ్వాలు పట్టుకుని బయటికి వచ్చింది. గణగణ విని శారదమ్మ కూడా తన గుమ్మం దాటి వచ్చింది, ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో మగ్గానికి పెట్టిన అరటిపండ్ల నైవేద్యం.

"వచ్చిండ్రా మా సుట్టాలు? పండుగనాడు గూడ ఇడిసిపెట్టరా?" అని కర్ర ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. "ఓరి భిక్షపతీ. గది నా చెంబురా."

నిజమే. చెంబు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు ఎండకు మెరుస్తోంది: శారదమ్మ.

"పెండ్లినాడు మా మేనత్త పేరు కొట్టించి పెట్టింది. సొట్టవోయిందని నీకిస్తిని." ఆమె కర్ర కిందపడేసింది. "నా పేరు నెత్తిన పెట్టుకోని సస్తదారా అది? గుంజు, ఏదన్న జేయి."

అరటిపండు చూపించి శారదమ్మే తల్లికోతిని దగ్గరికి పిలిచింది. ఏడు తరాలను తిట్టిన నోటితోనే "దా తల్లీ, దా" అంది. గ్లోరీ మెల్లగా పిల్లను తువ్వాల్లో చుట్టి ఒళ్లోకి తీసుకుంది. తల్లి పళ్లు చూపించింది గానీ కరవలేదు. భిక్షపతి నూనె రాసి లాగాడు. చెవుల దగ్గర పట్టేసింది. తిప్పి లాగాడు. పిల్ల లోపల్నుంచి కీచుమంది, తల్లి అతని భుజం మీద ఒక్కటిచ్చింది. కోయడం తప్ప దారి లేదు.

అతను పీట దగ్గరికి పరుగెత్తాడు. "లేవుండ్రి, జల్ది."

ఒక్కటీ కదలలేదు.

"ఉస్తాద్, బొట్టు వెట్టినవు," అంది రసమట్టం. "కాయ గొట్టినవు. ఇగ జమ్మి దాంక మేము దేవతలం. పద్ధతి పద్ధతే."

"పానం పోతాంది అక్కడ!"

"పొద్దుగూకినంక వస్తం!" అని అరిచింది సుత్తె, తనకు చేతనైనంత మెల్లగా.

"నిరుడు దసరకు పక్కింటోళ్ల గొళ్లెం ఊడితే లేపలేదు గద నువ్వు," అంది ప్లేయరు. "యాదికి తెచ్చుకో."

గ్లోరీ అక్కడి నుంచే కేకేసింది. "ఏడాదికొక్క దినం దేవతలైతేనే గింత కొవ్వా? మొక్కెటోడు గుమ్మంల నిలవడితె పండుకునుడేనా మీరు నేర్సింది?"

రసమట్టం బుడగ కొంచెం అటూ ఇటూ ఊగింది గానీ పీట దిగలేదు. భిక్షపతికి అప్పుడు తట్టింది, ఇంట్లో బొట్టు పెట్టనిది ఒకటి మిగిలి ఉందని. వంటింటికి వెళ్లాడు. కత్తెర గోడకేసి తిరిగి ఉంది.

"ఎవరు?" అంది. తెలిసే అడిగింది.

"నేనే అవ్వా. భిక్షపతిని."

"గుర్తువట్టలే. పొద్దుగాల సూస్తే కుంకుమ డబ్బి పట్టుకోని పెద్దమనుషుల నడుమ ఉంటివి."

"తప్పయింది అవ్వా."

"నీసు వాసన నాకు యాడికెళ్లి వచ్చిందిరా కొడకా? నేను చెర్ల ఈతగొట్టివస్తినా? మీరు తిన్న చేపలే గద. మీ నోట్లెకు పోంగ రుచి, నా ఒంటికి తగిలితే వాసననా?"

భిక్షపతి జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. పొద్దుటి కుంకుమ డబ్బీ తీసి తెరిచి వేలు ముంచాడు. "ఇగో, ముందుగాల నీకే పెడుత. తర్వాత జర బయటికి..."

"ఆగు!" కత్తెర రెండు రెక్కలూ టక్కున మూసుకుంది. "దిమాక్ ఉన్నదా నీకు? బొట్టు వెడితే నేను గూడ దేవతనైత. దేవతనైతే పండుకుంట. గా పిల్లను ఎవరు సూడాలె? అన్ని ఇన్న ఈడికెళ్లి. ముందు పని. బొట్టు యాడికి పోదు."

భిక్షపతి వేలికంటిన కుంకుమ అంగీకి తుడుచుకుని కత్తెరను మేకు నుంచి దించాడు.

బయట శారదమ్మ అప్పటికే తన ఇంట్లోంచి మెత్తటి నూలు చిలప, పోగుల చుట్ట ఒకటి తెచ్చి ఉంది. దాన్ని గంజిలో ముంచి, చెంబు అంచుకూ పిల్ల మెడకూ మధ్య ఒక్కొక్క పోగే జొనుపుతోంది. తెగిన పోగును ఏళ్ల తరబడి అతికిన వేళ్లు అవి; మెడ వెంట్రుక ఒక్కటి కూడా నొక్కుకోలేదు.

"కత్తెర జారినా నూలుకే తగలాలె, మెడకు గాదు," అంది. "ఇగ గొయ్యి."

కత్తెర అంచు మీద పళ్లు వేసింది. జారింది. మళ్లీ వేసింది. మళ్లీ జారింది. చెంబు అంచు మడతపెట్టి మందంగా ఉంది. కత్తెరకేమో ఏళ్లుగా చేప రెక్కలు తప్ప మరో పని లేదు.

"నా పదును వోయింది కొడకా," అంది మెల్లగా. ఆ మాట పీట దాకా వినిపించింది.

పిల్ల కాళ్లు తన్నుకోవడం కూడా తగ్గిపోయింది. గ్లోరీ తువ్వాలు మీద చెయ్యి వేసి, పెదాలు కదుపుతూ తన ప్రార్థన తాను చేసుకుంటోంది.

అప్పుడు దబ్బుమని ఏదో కింద పడింది. ఆకురాయి.

"పొద్దుగాల నేను నోరు దెరవాల్సింది," అంది, మెడలో బంతిపువ్వు రాలిపోతుండగా. "దెరవలే. ఉస్తాద్, నా బొట్టు దుడువు. అక్కా, ఇటు తిరుగు."

గరుగరుమని రెండు రెక్కలకూ పదును పట్టింది. నిప్పురవ్వలు లేచాయి. కత్తెర ఒళ్లు మెరవడం చూసి ప్లేయరుకు ఏమనిపించిందో ఏమో, పీట మీద నుంచి దూకింది. "కోసినంక రేకును ఇప్పి పట్టెటోడు వద్దా మీకు? నిరుడు గూడ నేనే పట్టిన," అంటూ వచ్చింది. నిరుడు ఏమి పట్టిందో ఎవరూ అడగలేదు.

"నేను! నేను!" అని సుత్తె దొర్లింది.

"నువ్వు సప్పుడు జేయకుంట ఉండు," అన్నాడు భిక్షపతి. "ఆ సప్పుడుకే పిల్ల బెదురుతాంది. గదే నీ పని."

సుత్తె జన్మలో అంత కష్టమైన పని చేయలేదు. నోరు మూసుకుని, చెమటలు కారుస్తూ, ఒక మూల నిలబడింది.

కత్తెర మళ్లీ అంచును కరిచింది. ఈసారి పట్టింది. కానీ సరిగ్గా నొక్కే వేళకు పిల్ల తల విదిలించింది. ఒక్క నూలు పోగు తెగి వేలాడింది. భిక్షపతి కత్తెరను వెనక్కి తీశాడు. పిల్ల ఎప్పుడు కదులుతుందో, ఎప్పుడు ఆగుతుందో చెంబు లోపల ఎవరికి కనబడుతుంది?

"నన్ను చెంబు మీద పండవెట్టు," అంది పీట మీది నుంచి ఒక గొంతు.

అందరూ తిరిగి చూశారు. రసమట్టం.

"పద్ధతో?" అంది గ్లోరీ.

"పద్ధతి ఈడ్నే ఉంటది. నేను వస్త," అంది రసమట్టం. నుదుటి బొట్టుతోనే వచ్చి చెంబు మీద అడ్డంగా పడుకుంది. పిల్ల కదిలితే బుడగ పరుగెత్తుతోంది. పిల్ల ఊపిరి తీసి నిలదొక్కుకుంటే నడిమికి వస్తోంది. "ఆగు... ఆగు... ఇప్పుడు. కొయ్యి."

కటుక్కు.

"ఆగు... జర ఊపిరి తీసుకోనియ్యి... కొయ్యి."

కటుక్కు. అంచు తెగింది. చెంబు మెడ తెగింది. చెంబు ఒంటి మీద 'శార' దాటి 'దమ్మ' దగ్గరికి వచ్చేసరికి ప్లేయరు రేకును ఒక పక్కకు విప్పి పట్టింది, భిక్షపతి రెండో పక్క పట్టాడు. గంజితో తడిసిన నూలుతో సహా తల జారి బయటికి వచ్చింది. నలిగిన చెవులు, ఎర్రటి ముఖం, కళ్ల మీద గంజి. ఎండను చూసి ఒక్క తుమ్ము తుమ్మింది.

తల్లికోతి గ్లోరీ ఒళ్లోంచి దాన్ని లాక్కుని, పోతూ పోతూ భిక్షపతిని ఇంకొక్కటి కొట్టి, గోడెక్కింది. పిల్ల రొమ్ము అందుకుంది. ఆ గుటకల చప్పుడు కింద నిలబడ్డవాళ్లందరికీ వినిపించింది.

"మాట్లాడొచ్చా?" అని అడిగింది సుత్తె. అడిగిన తీరుకు వీధిలో నాలుగు తలుపులు తెరుచుకున్నాయి.

భిక్షపతి తల ఎత్తి కప్పుల మీది తీగ వైపు చూశాడు. "మిగిలిన తీగ ఇప్పేస్త పెద్దమ్మా. రేపే," అన్నాడు.

"ఇప్పు," అంది శారదమ్మ, రెండుగా విచ్చుకున్న చెంబును చేతిలో తిప్పి చూస్తూ. "ఇగ నేను పడుగు సాగదీసేటప్పుడు ఊరవతల వెడల్పు తొట్లల్ల నీళ్లు, నాలుగు పండ్లు పెడుదం. వాటి కడుపు నిండితే నా పట్టు మీదికి ఎందుకొస్తయి?" కిందపడ్డ కర్ర తీసుకుని, "వచ్చినయంటే మాత్రం తిడుత. ముందే చెప్తున్న," అంది.

ఆ తరువాత ముందుగా కత్తెరకు బొట్టు. భిక్షపతి దాన్ని కడిగి, తుడిచి, పీట మధ్యలో కూర్చోబెట్టాడు. బొట్టు కొంచెం పెద్దదే పెట్టాడు. కత్తెర కళ్లు మూసుకుని, "ఇగ నన్ను లేపకుండ్రి. జమ్మి దాంక సెలవు," అంది.

అక్కడే ఒక చిక్కు వచ్చింది. వంటింట్లో పండుగ కోడి ఉంది. కోసి ముక్కలు చేసే కత్తెర దేవత అయిపోయింది. గ్లోరీ గుమ్మంలో నిలబడి, పీట మీదికి తిరిగి ఎక్కుతున్న మిగతా నలుగురినీ పరీక్షగా చూసింది.

"ఏడికి? దిగుండ్రి."

"పద్ధతి..." అని మొదలుపెట్టింది రసమట్టం.

"పద్ధతి పొద్దుగాల్నే దాటిండ్రు. దాటినోళ్లు ఇంగొక్క అడుగు వెయ్యిండ్రి. అవ్వకు ఒక్కనాడు సెలవు దొరికింది, ఆమె పని మీరు జేయరా?"

ఆకురాయి కత్తిపీటకు పదును పెట్టింది. ప్లేయరు కోడికాలు పట్టుకుంది, పట్టుకుంటే వదలలేదు. సుత్తె ఎముకలు చితక్కొట్టింది, దానికి ఆ రోజు అసలైన పండుగ అదే. రసమట్టాన్ని గ్లోరీ పొయ్యి రాళ్ల మీద పెట్టి గిన్నె సమంగా కూర్చుంటుందా లేదా చూసింది. దాని గాజు నిండా మసాలా ఆవిరి పట్టింది. బుడగ కనబడాలంటే తుడవాల్సి వచ్చింది.

సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి భిక్షపతి శారదమ్మ చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాడు. ఆమె దీవించి, సగం ఆకు తీసి పీట మీది కత్తెర దగ్గర పెట్టింది. పీట మీద ఐదూ వరసగా కూర్చున్నాయి. ఐదింటి నుంచీ అల్లంవెల్లుల్లి, కోడికూర వాసన ఒకేలా వస్తోంది.

"జర అటు జరుగు," అంది రసమట్టం.

కత్తెర కళ్లు తెరవకుండానే అడిగింది. "వాసనా?"

"కాదక్కా," అంది రసమట్టం. "పీట కొంచెం వంకరున్నది. నువ్వు ఇటు జరిగితే సమమైతది."

కత్తెర జరిగింది. ప్రహరీ మీద పిల్లకోతి నూలు చిలపను మెడలో వేసుకుని, శారదమ్మ ఇంటి వైపు దొంగచూపులు చూస్తోంది.

"సూస్తున్నవా బిడ్డా," అంది శారదమ్మ. "నేను గూడ సూస్తనే ఉన్న."